ఉప్పునీటిలో మొలక ఎలా తట్టుకుంటుంది? యాంటీఆక్సిడెంట్ రక్షణను కొలిచి చూసే పద్ధతి

ఉప్పు ఒత్తిడి మీద ప్రాజెక్టు చేసేవాళ్లు చాలామంది ఒకే దారిలో వెళ్తారు. కుండీల్లో ఉప్పునీళ్లు పోస్తారు, వారం తర్వాత ఆకులు నూరి మూడు నాలుగు ఎంజైమ్‌లు కొలుస్తారు. అంకెలు పెరిగితే "ఈ మొక్క ఉప్పును తట్టుకుంటుంది" అని రాసేస్తారు. ఆ చివరి మాట చాలాసార్లు తప్పు. ఎంజైమ్ పెరిగిందంటే మొక్క క్షేమంగా ఉందని కావచ్చు, బాగా ఇబ్బందిలో ఉందని కూడా కావచ్చు. ఆ రెండింటిలో ఏదో తేలాలంటే ప్రయోగాన్ని మొదటినుంచీ ఎలా కట్టాలో ఇక్కడ చెబుతాను. ల్యాబ్ ఉన్నవాళ్లకు పూర్తి పద్ధతి ఉంది. లేనివాళ్లు కూడా చేయగలిగిన పరీక్షలు రెండు మధ్యలో వస్తాయి.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి

ఉప్పు మొక్కను రెండు దశల్లో దెబ్బతీస్తుంది. మొదటిది నీటి దెబ్బ. వేళ్ల చుట్టూ ఉప్పు చేరగానే నీళ్లు లోపలికి లాగడం కష్టమవుతుంది. ఇది నిమిషాల్లో, గంటల్లో మొదలవుతుంది. రెండోది సోడియం దెబ్బ. రోజులు గడిచేకొద్దీ సోడియం, క్లోరైడ్ ఆకుల్లో పేరుకుపోతాయి, ముదురు ఆకులు ముందుగా మాడతాయి.

నీళ్లు అందకపోతే మొక్క పత్రరంధ్రాలు మూసుకుంటుంది. దాంతో కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావడం తగ్గుతుంది. వెలుతురు మాత్రం తగ్గదు. క్లోరోప్లాస్ట్‌లో కదులుతున్న ఎలక్ట్రాన్లకు వెళ్లాల్సిన చోటు దొరకక, కొన్ని ఆక్సిజన్ మీదకు మళ్లుతాయి. అలా పుట్టేది సూపర్ఆక్సైడ్, కణాలను ఆక్సీకరించి పాడుచేసే ఆక్సిజన్ రూపం. మైటోకాండ్రియాలోనూ, కణత్వచం మీది ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ దగ్గరా ఇది తయారవుతుంది. ఫోటోరెస్పిరేషన్, అంటే కార్బన్ డయాక్సైడ్‌కు బదులు ఆక్సిజన్‌ను పట్టుకోవడం, పెరిగితే పెరాక్సిజోమ్‌లనే చిన్న కణాంగాల్లో నేరుగా హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది.

వీటిని తొలగించే యాంటీఆక్సిడెంట్ రక్షణ ఒక వరుసలో నడుస్తుంది. సూపర్ఆక్సైడ్ డిస్మ్యూటేజ్, అంటే ఎస్ఓడీ, సూపర్ఆక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ పెరాక్సైడ్‌ను కాటలేజ్ నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. కాటలేజ్‌కు వేగం చాలా ఎక్కువ, కానీ పెరాక్సైడ్ బాగా పోగైనప్పుడే దాని పని కనిపిస్తుంది. కొద్దిపాటి పెరాక్సైడ్‌ను కూడా వెతికి పట్టుకునేది ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్, అంటే ఏపీఎక్స్. దీనికి ప్రతిసారీ ఆస్కార్బేట్, అంటే విటమిన్ సీ, ఖర్చవుతుంది. ఖర్చైన ఆస్కార్బేట్‌ను గ్లూటాథయోన్ అనే చిన్న అణువు తిరిగి నిలబెడుతుంది, ఖర్చైన గ్లూటాథయోన్‌ను గ్లూటాథయోన్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ నిలబెడుతుంది. ఈ చక్రాన్ని 1976లో ఫోయర్, హాలివెల్ ప్రతిపాదించారు. తర్వాత అసాడా పరిశోధనలు దానికి బలమిచ్చాయి. అందుకే ముగ్గురి పేర్లతోనూ పిలుస్తారు.

వీటన్నిటిలో అసలు ప్రమాదకారి హైడ్రాక్సిల్ రాడికల్. పెరాక్సైడ్‌కు ఇనుము అయాన్ తగిలితే ఇది పుడుతుంది. దీన్ని తొలగించే ఎంజైమ్ మొక్కలో లేదు, జంతువుల్లోనూ లేదు. పుట్టాక చేయగలిగింది తక్కువ, కాబట్టి పుట్టనివ్వకుండా చూడటమే పైన చెప్పిన ఏర్పాటంతా. అది కణత్వచంలోని కొవ్వులను కాలుస్తుంది. పొటాషియం బయటికి పోయే ద్వారాలను కూడా తెరుస్తుంది. సోడియం లోపలికి వస్తున్న సమయంలోనే పొటాషియం పోవడమంటే మొక్కకు రెండువైపులా నష్టం.

ఇంకో మాట. పెరాక్సైడ్‌ను పూర్తిగా శత్రువుగా చూడకండి. కొద్ది మోతాదులో అది కణాలకు "ఉప్పు వచ్చింది" అని కబురు చెప్పే సంకేతం. మొక్కకు కావలసింది దాన్ని అదుపులో ఉంచుకోవడమే.

మొక్కలను ఎంచుకోండి

ఒకే రకం మొక్కతో ప్రయోగం పెడితే మీకు దొరికేది సగం సమాధానమే. తట్టుకునేది ఒకటి, తట్టుకోలేనిది ఒకటి పక్కపక్కన పెంచాలి. 1977లో మాస్, హాఫ్‌మన్ పంటల ఉప్పు సహనాన్ని పట్టికగా వేశారు. నేల సంతృప్త ద్రావణపు విద్యుత్ వాహకత (ఉప్పు పెరిగితే ఇదీ పెరుగుతుంది) ఎంత దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుందో అందులో ఉంటుంది. బార్లీకి ఆ హద్దు మీటరుకు 8 డెసీసీమెన్స్, గోధుమకు 6, వరికి 3, టమాటాకు 2.5, ఫ్రెంచ్ బీన్స్‌కు 1.

బార్లీ, బీన్స్ పెట్టి చూస్తే తేడా కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అయితే రెండు వేర్వేరు జాతుల మధ్య ఉప్పు సహనం ఒక్కటే కాదు, వంద తేడాలుంటాయి. అందుకే వీలైతే ఒకే పంటలో రెండు రకాలు తీసుకోండి. వరిలో పొక్కలి తట్టుకునే రకంగా, ఐఆర్ 29 తట్టుకోలేని రకంగా పరిశోధకులు ఎప్పటినుంచో వాడుతున్నారు. వరితో చేస్తే వయసు చూసుకోవాలి. మొలకెత్తేటప్పుడు వరి ఉప్పును బాగానే ఓర్చుకుంటుంది. లేత నారు దశలో, పూత దశలో మాత్రం ఓర్చుకోలేదు. మొలకెత్తే దశలో పరీక్షించి "రెండు రకాలూ ఒకటే" అని రాస్తే పొరపాటే.

ఉప్పు కలపడం, ఇవ్వడం

వంటింటి ఉప్పులో అయొడిన్, గడ్డకట్టకుండా కలిపే పొడులు ఉంటాయి. స్వచ్ఛమైన సోడియం క్లోరైడ్ తీసుకోండి. లీటరు ద్రావణానికి 2.92 గ్రాములు కలిపితే 50 మిల్లీమోలార్, 5.84 గ్రాములకు 100, 8.77 గ్రాములకు 150. మట్టిలో కన్నా పోషక ద్రావణంలోనో, కడిగిన ఇసుకలోనో పెంచడం మంచిది. మట్టి ఉప్పును ఎంత పట్టుకుందో, ఎంత వదిలిందో తెలియక తలనొప్పి. సగం గాఢతలో హోగ్లండ్ ద్రావణం చాలా మొక్కలకు సరిపోతుంది. వరికి యోషిదా ద్రావణం వాడతారు. ఏది వాడినా కాల్షియం తగ్గనివ్వకండి. కాల్షియం కొరతలో సోడియం మామూలుకన్నా ఎక్కువ నష్టం చేస్తుంది, అప్పుడు మీరు కొలిచేది ఉప్పు ఒత్తిడా, కాల్షియం కొరతా అని తేల్చలేరు.

ఉప్పును ఒక్కసారిగా పోయకండి. రోజుకు 25 నుంచి 50 మిల్లీమోలార్ చొప్పున పెంచుతూ అనుకున్న గాఢతకు చేరండి. ఒక్కదెబ్బకు 150 పోస్తే కణాల్లోంచి నీరు ఒక్కసారిగా బయటికి లాగేసినట్టవుతుంది. నేలలో ఉప్పు అలా పెరగదు.

పోలికకు ఉప్పు లేని కుండీలు ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు మూడో గుంపు ఒకటి పెట్టండి: మానిటాల్ అనే చక్కెర ఆల్కహాల్ ఇచ్చిన మొక్కలు. 100 మిల్లీమోలార్ ఉప్పుకు సమానమైన నీటి ఒత్తిడి సుమారు 185 మిల్లీమోలార్ మానిటాల్‌తో వస్తుంది. ఈ గుంపులో నీటి దెబ్బ ఉంటుంది, సోడియం ఉండదు. రెండు గుంపుల్లోనూ ఎంజైమ్‌లు ఒకేలా పెరిగితే అది సోడియం పని కాదన్నమాట. ఈ గుంపు లేక ఎన్నో ప్రాజెక్టులు ఏమీ చెప్పలేని స్థితిలో మిగిలిపోతాయి.

కుండీల సంఖ్య గురించి కూడా చెప్పాలి. ఒకే టబ్బులో ఇరవై మొలకలు పెంచితే అవి ఇరవై నమూనాలు కావు, ఒక్కటే. ఒకే గొట్టంలోని రసాన్ని మూడుసార్లు కొలిస్తే అది కూడా ఒక్కటే. ప్రతి స్థాయికీ కనీసం నాలుగైదు వేర్వేరు కుండీలు ఉంచి, వాటి స్థానాలను చీటీలు తీసి మార్చండి. కిటికీ పక్కనున్న కుండీకి వెలుతురు ఎక్కువ, వెలుతురు ఎక్కువైతే పెరాక్సైడ్ కూడా ఎక్కువ.

ఆకు కోసే సమయం

రోజులో ఒకే సమయానికి కోయండి. ఉదయం కోసిన ఆకునూ, మధ్యాహ్నం ఎండలో కోసిన ఆకునూ పోల్చలేం. ప్రతి మొక్కలోనూ ఒకే స్థానంలోని ఆకు తీసుకోవాలి, పైనుంచి మూడోదనుకుంటే అన్నిట్లోనూ మూడోదే. ముదురు ఆకులో సోడియం ఎక్కువ చేరుతుంది కాబట్టి ఈ నియమం తప్పితే అంకెలు ఎటుపడితే అటు పోతాయి.

ఒక్కరోజు కోతతో సరిపెట్టకండి. 6 గంటలు, 24 గంటలు, 3 రోజులు, 7 రోజులు అని నాలుగు సార్లు తీస్తే నీటి దెబ్బ, సోడియం దెబ్బ విడివిడిగా కనిపిస్తాయి. అన్నీ తీయడం కుదరకపోతే 24 గంటలు, 7 రోజులు చాలు. కోసిన వెంటనే ద్రవ నైట్రోజన్‌లో వేసి మైనస్ 80 డిగ్రీల్లో దాచాలి. ఆ సదుపాయం లేకపోతే మంచులో పెట్టి అదేరోజు పని ముగించాలి.

ముందు నష్టం ఎంతో కొలవండి

ఎంజైమ్‌ల దగ్గరికి పరుగెత్తకండి. మొక్కకు ఎంత దెబ్బ తగిలిందో తెలియకుండా రక్షణ గురించి మాట్లాడటం కుదరదు.

అన్నిటికన్నా సులువైనది అయాన్ల కారుడు పరీక్ష. దీనికి వాహకత మీటరు ఉంటే చాలు, నీటి టీడీఎస్ చూసే పెన్ను కూడా పనికొస్తుంది. ఒకే కొలతలో పది ఆకు బిళ్లలు కోసి, పైన అంటిన ఉప్పు పోయేదాకా డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు కడగండి. 20 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో వేసి నాలుగు గంటలు ఉంచి మొదటి రీడింగ్ తీయండి. తర్వాత 20 నిమిషాలు మరిగించి, చల్లార్చి, ఇంకిన నీటిని తిరిగి పోసి రెండో రీడింగ్ తీయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి వందతో గుణిస్తే కణత్వచం ఎంత చిల్లులు పడిందో శాతంలో వస్తుంది.

ల్యాబ్‌లో అయితే మాలోన్‌డైఆల్డిహైడ్, అంటే ఎండీఏ కొలుస్తారు. కొవ్వులు ఆక్సీకరణమైతే మిగిలే పదార్థం ఇది. 1968లో హీత్, ప్యాకర్ చెప్పిన పద్ధతి ఆధారంగా ఇప్పటికీ చేస్తున్నారు. అర గ్రాము ఆకును 5 మిల్లీలీటర్ల 0.1 శాతం ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంలో నూరి సెంట్రిఫ్యూజ్ చేయండి. పైన తేరిన ద్రవం 1 మిల్లీలీటరుకు, 0.5 శాతం థయోబార్బిట్యూరిక్ ఆమ్లం కలిపిన 20 శాతం ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం 4 మిల్లీలీటర్లు చేర్చండి. 95 డిగ్రీల్లో 30 నిమిషాలు ఉంచి వెంటనే మంచులో పెట్టాలి. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో, అంటే ద్రవం ఎంత కాంతిని పీల్చుకుందో చూపే పరికరంలో, 532 నానోమీటర్ల రీడింగ్ లోంచి 600 దగ్గరి రీడింగ్ తీసేయండి. ఆ తేడాను 155తో (మిల్లీమోలార్‌కు కాంతిని పీల్చే గుణకం) భాగించి, ఈ కొలతలకు 50తో గుణిస్తే గ్రాము ఆకుకు మైక్రోమోల్స్ వస్తాయి. తేడా 0.062 అనుకుంటే జవాబు 0.02 మైక్రోమోల్స్, అంటే 20 నానోమోల్స్. ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది, గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి.

ఎర్రగా, ఊదాగా ఉండే ఆకుల్లో ఈ పద్ధతిని నమ్మకండి. ఆంథోసయనిన్ రంగు కూడా 532 దగ్గరే పడుతుంది. అలాంటి మొక్కలకు థయోబార్బిట్యూరిక్ ఆమ్లం వేయని గొట్టం ఒకటి పక్కన నడిపి, దాని రీడింగ్‌ను తీసేయాలి.

పెరాక్సైడ్ ఎక్కడ పోగైందో కంటితో చూడాలంటే డాబ్ (డైఅమినోబెంజిడిన్) రంగు ఉంది. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము డాబ్ ద్రావణంలో, పీహెచ్ 3.8 దగ్గర, ఆకును చీకట్లో ఎనిమిది గంటలు ఉంచి ఆల్కహాల్‌లో మరిగిస్తే పచ్చదనం పోయి గోధుమరంగు మచ్చలు మిగులుతాయి. సూపర్ఆక్సైడ్‌కు ఎన్‌బీటీ (నైట్రోబ్లూ టెట్రజోలియం) అనే రంగు వాడితే నీలం మచ్చలు వస్తాయి. డాబ్ క్యాన్సర్ కారకం కావచ్చని అనుమానం ఉంది, వట్టి చేతులతో ముట్టుకోకండి. ఆల్కహాల్‌ను మంట మీద కాకుండా వేడినీళ్ల గిన్నెలోనే కాచండి.

ఎంజైమ్‌లు

రసం తీయడంలోనే సగం ప్రయోగం గెలుస్తుంది లేదా ఓడుతుంది. రోలు, బఫర్, గొట్టాలు అన్నీ ముందే మంచులో ఉండాలి. అర గ్రాము ఆకుకు 50 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ బఫర్, పీహెచ్ 7, అందులో 1 మిల్లీమోలార్ ఈడీటీఏ, 1 శాతం పీవీపీ కలపండి. ఆకులోని ఫినాల్స్ ఎంజైమ్‌లను పాడుచేయకుండా పీవీపీ అడ్డుకుంటుంది. 4 డిగ్రీల్లో 12,000 జీ వేగంతో 20 నిమిషాలు తిప్పి పైద్రవం తీసుకోండి.

ఇక్కడ చాలామంది చూసుకోని సంగతి ఒకటి ఉంది. ఏపీఎక్స్‌కు ఆస్కార్బేట్ లేకపోతే నిమిషాల్లో పని ఆగిపోతుంది. ముఖ్యంగా క్లోరోప్లాస్ట్‌లోది. కాబట్టి దానికోసం తీసే రసంలో 1 నుంచి 5 మిల్లీమోలార్ ఆస్కార్బేట్ ఉండాలి. అదే రసంతో ఎస్ఓడీ కొలవకూడదు, ఆస్కార్బేట్ ఎన్‌బీటీని తనే మార్చేస్తుంది. రెండు రసాలు విడిగా తీయక తప్పదు.

కాటలేజ్‌కు 240 నానోమీటర్ల దగ్గర 10 మిల్లీమోలార్ పెరాక్సైడ్ తగ్గుదల చూస్తారు. గాజు, మామూలు ప్లాస్టిక్ క్యువెట్‌లు (ద్రవం పోసి కొలిచే చిన్న పాత్రలు) ఆ కాంతిని ఆపేస్తాయి. క్వార్ట్జ్‌దే కావాలి. లెక్కలో గుణకం (మోలార్‌కు) కొందరు 39.4 అంటారు, కొందరు 43.6 అంటారు. ఏదైనా పర్వాలేదు, చివరిదాకా ఒకటే వాడి, ఏది వాడారో రాయండి. ఏపీఎక్స్‌కు 290 నానోమీటర్ల దగ్గర ఆస్కార్బేట్ తగ్గుదల చూడాలి: 0.5 మిల్లీమోలార్ ఆస్కార్బేట్, 0.1 మిల్లీమోలార్ పెరాక్సైడ్, గుణకం మిల్లీమోలార్‌కు 2.8. పెరాక్సైడ్ చివర్లో వేయండి. రసం లేకుండా తగ్గినదాన్ని తీసేయండి. ఎస్ఓడీని వెలుతురులో ఎన్‌బీటీ నీలిరంగుకు మారడాన్ని ఎంత ఆపిందో బట్టి 560 దగ్గర కొలుస్తారు. సగం ఆపితే ఒక యూనిట్. గొట్టాలన్నిటికీ ఒకే వెలుతురు పడేలా చూడటమే ఇందులో కష్టం.

ఫలితాన్ని గ్రాము ఆకుకు లెక్కకట్టి ఊరుకోకండి. ఉప్పులో ఉన్న ఆకు నీరు కోల్పోతుంది, కాబట్టి గ్రాములో కణాల సరుకు ఎక్కువ పడి ఎంజైమ్ పెరిగినట్టు కనిపిస్తుంది. బ్రాడ్‌ఫర్డ్ పద్ధతిలో ప్రోటీన్ కొలిచి మిల్లీగ్రాము ప్రోటీన్‌కు కూడా చెప్పండి. రెండు లెక్కలూ ఒకే దిశలో ఉంటే ధైర్యంగా రాయవచ్చు.

స్పెక్ట్రోఫోటోమీటర్ లేనివాళ్లకు కాటలేజ్ ఒక్కదాన్ని చూసే దారి ఉంది. సమానంగా తూచిన ఆకును చల్లని నీటిలో నూరి వడకట్టండి. ఫిల్టర్ పేపర్‌ను పంచింగ్ మెషీన్‌తో బిళ్లలు కోసి ఆ రసంలో ముంచండి. మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను మూడింతలు పలుచన చేసి, సన్నని గ్లాసు అడుగుకు బిళ్లను వదలండి. ఎంజైమ్ విడుదల చేసిన ఆక్సిజన్ బుడగలు బిళ్లను పైకి తేలుస్తాయి. తేలడానికి పట్టిన సెకన్లు లెక్కపెట్టండి, ఎంత తక్కువైతే అంత ఎక్కువ కాటలేజ్. మరిగించిన రసంలో ముంచిన బిళ్ల అడుగునే ఉండిపోవాలి. అదీ తేలిందంటే మీ పద్ధతిలోనే ఏదో లోపం ఉంది.

సోడియం, పొటాషియం తప్పకుండా చూడండి

వీటిని కొలిచే ఫ్లేమ్ ఫోటోమీటర్ మీ కాలేజీలో లేకపోయినా దగ్గర్లో ఏదో ఒక మట్టి పరీక్షా కేంద్రంలో ఉంటుంది. ఆరబెట్టి పొడి చేసిన ఆకును పలుచని నైట్రిక్ ఆమ్లంలో నానబెట్టి కొలిస్తే చాలు. ఈ ఒక్క కొలత లేకపోతే పైన పడ్డ శ్రమకంతా అర్థం చెప్పలేరు.

అంకెలను కలిపి చదవడం

ఆకులో సోడియం తక్కువ, ఎండీఏ తక్కువ, ఎంజైమ్‌లు మామూలుగానే ఉన్నాయనుకోండి. చాలామంది "స్పందన లేదు" అని కొట్టేస్తారు. నిజానికి మీ దగ్గరున్న మంచి మొక్క అదే కావచ్చు. సోడియంను వేరు దగ్గరే ఆపేసింది, ఆకుకు రక్షణ పెంచుకోవాల్సిన అవసరమే రాలేదు. పొక్కలి ఇంచుమించు ఈ కోవకే వస్తుంది. దాని ఒకటో క్రోమోజోమ్‌లో ఉన్న సాల్‌టాల్ అనే భాగం రెమ్మలో సోడియం, పొటాషియం నిష్పత్తిని అదుపులో ఉంచుతుందని గుర్తించారు.

సోడియం ఎక్కువగా ఉండి, ఎంజైమ్‌లు పెరిగి, ఎండీఏ మాత్రం పెరగకపోతే అప్పుడు యాంటీఆక్సిడెంట్ రక్షణ పనిచేస్తోందని అనవచ్చు. ఎంజైమ్‌లు, ఎండీఏ రెండూ పెరిగితే మొక్క గింజుకుంటోంది, చాలడం లేదు. దీన్ని సహనం అని రాయకండి. మొదటిరోజు పెరిగిన ఎంజైమ్‌లు వారానికల్లా ఉప్పు లేని మొక్కల కన్నా కిందకు పడి, ఎండీఏ ఎగబాకితే రక్షణ కూలిపోయినట్టే.

ఎస్ఓడీ ఒక్కటే పెరిగి కాటలేజ్, ఏపీఎక్స్ కదలకపోతే జాగ్రత్త. ఎస్ఓడీ చేసేది పెరాక్సైడ్‌ను తయారుచేయడమే కదా. తీసేవాళ్లు లేకపోతే అది పోగవుతుంది. డాబ్ మచ్చలు ఈ మొక్కలో ముదురుగా వచ్చాయేమో సరిచూసుకోండి.

కారణమా, కేవలం తోడుగా కనిపించిందా?

ఇంతవరకు చేసినదంతా రెండు విషయాలు కలిసి మారాయని మాత్రమే చెబుతుంది. కాటలేజ్ వల్లే మొక్క నిలబడిందా అని తేల్చాలంటే కాటలేజ్‌ను ఆపి చూడాలి. అమినోట్రయజోల్ అనే రసాయనం ఆ పని చేస్తుంది. ఇది కలుపుమందుగా వాడిన విషపదార్థం, గైడ్ అనుమతి, పర్యవేక్షణ లేకుండా ముట్టుకోకండి. తట్టుకునే రకానికి ఉప్పుతోపాటు దీన్ని ఇచ్చినప్పుడు ఎండీఏ ఒక్కసారిగా పెరిగితే కాటలేజ్ అక్కడ నిజంగా కాపలా కాస్తోందని అర్థం. ఏమీ మారకపోతే ఏపీఎక్స్ ఆ బరువు మోస్తుండవచ్చు. లేదా మొక్క ఉప్పును రానివ్వడమే లేదు. ఆ సంగతి సోడియం అంకెలు చెబుతాయి. ఈ ప్రయోగంలో ఉప్పు లేకుండా అమినోట్రయజోల్ మాత్రమే ఇచ్చిన కుండీలు కూడా కచ్చితంగా పెట్టాలి. లేదంటే ఆ మందు చేసిన నష్టాన్ని ఉప్పు ఖాతాలో రాసేస్తారు.